పద్దెనిమిది అడుగులు

పదకొండో అడుగు దగ్గర ఆగమ్మ ఎడమ మోకాలు పట్టేసింది. ఆమె ఆగలేదు. టిన్నులోంచి సున్నప్పొడి పిడికిట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి వదులుతూ, పద్దెనిమిది వరకు లెక్కపెట్టి నిలబడింది. మోచేతుల దాకా తెల్లబడిన చేతులు. సున్నం తిని చీలిపోయిన గోళ్లు.

దుర్గాపూర్ కాలనీ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ రోజున గీతలు గీయడం ఆమె పని. ముందు అది భర్త రాయమల్లుది. బొగ్గు గనిలో పనిచేస్తూ, కాలనీ జట్టుకు గోల్ కాస్తూ, గోల్ ముందు గీసే పెనాల్టీ పెట్టెను పద్దెనిమిది అడుగులతో కొలిచేవాడు. అతడు జబ్బుతో పోయిన ఏడాది, గీతలకు ఎవరిని పిలవాలా అని కమిటీ వాళ్లు ఆలోచిస్తుంటే, ఆమె టిన్ను చంకన పెట్టుకుని వచ్చి గ్రౌండు మధ్యలో నిలబడింది. ఇరవై మూడేళ్లయింది. మిగతా రోజుల్లో క్యాంటీన్ ఊడుస్తుంది. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పది గంటలకు చాందా నుంచి కొత్త రెఫరీ ప్రమోద్ వచ్చాడు. టేపు పరిచాడు. పద్దెనిమిది గజాలుండాల్సిన పెట్టె పదిహేనున్నర దగ్గరే అయిపోయింది.

“మావశీ, చాలత్ నాహీ,” అన్నాడు మరాఠీలో, మర్యాదగానే. ఇలా కుదరదు పిన్నీ అని. ఆమెను నీడన కూర్చోమని, టేపు పెట్టి ఆటగాళ్లతోనే గీయిస్తానని చెప్పాడు.

కాలనీ జట్టు కెప్టెన్ సదానందం నవ్వాడు. “మేం ఇన్నేండ్లు జెప్తలేం గని అవ్వా, నీతోపాటే గ్రౌండు గూడ చిన్నగైతాంది. ఇంకో పదేండ్లకు క్యారమ్ బోర్డైతది.”

“గప్పుడన్న నీకు గోల్ పడుతదేమో తియ్యిరా,” అంది ఆగమ్మ.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం గడ్డిలోకి చూసింది. కిందటేడు సున్నం పడి మాడిన చార ఈ ఏటి గీతకు జానెడు అవతల కనిపించింది. దానికి అవతల మరొకటి, ఇంకా మసకగా. ఆమె ఎప్పుడూ వాటిని చూడలేదు. మిగతా అందరూ చూసి, ఏమీ అనకుండా ఆడారు.

సదానందం టిన్ను అందుకోబోయాడు. “ఇయ్యి అవ్వా, మేం గీస్తం.”

“చెయ్యి దియ్యి. తప్పైతే నేనే దిద్దుత. గా సారును టేపు పట్టుకొని ఆడనే నిలవడుమను.”

గీసినదంతా కాలితో చెరిపేసింది. గోల్ గీత మీద మడమ ఆనించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ప్రతి అడుగూ కాలువ దాటుతున్నట్టు చాపి వేసింది. ఎండ నెత్తికెక్కింది. పన్నెండో అడుగు దగ్గర కింది పెదవి పళ్లతో నొక్కిపట్టింది. పద్దెనిమిదో అడుగు టేపు గుర్తుకు బెత్తెడు అవతల పడింది.

“గిప్పుడు కొలువుమను.”

ప్రమోద్ కొలవలేదు. టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. రెండో వైపు పెట్టె, మధ్య వలయం, నాలుగు మూలలు, అన్నీ ఆమే గీసింది. సాయానికి వచ్చిన ఇద్దరిని కసిరి పంపింది.

నాలుగున్నరకు ఆట మొదలైంది. ఆగమ్మ గోల్ వెనక, టిన్ను పక్కన, కాళ్లు చాపుకుని గోల్ స్తంభానికి ఆనుకుంది. రెండో సగంలో సదానందం సరిగ్గా పెట్టె గీత అంచు బయటి నుంచి కొట్టిన బంతి వలలో పడింది. అతడు ఆమె దగ్గరికే పరుగెత్తాడు.

“జూసినవా అవ్వా? పెద్ద పెట్టె బయటి నుంచి గొట్టిన!”

ఆమె తల స్తంభం మీదికి ఒరిగిపోయి ఉంది. ఆమె భుజం పట్టి కదిపి చూసి, అతడు అక్కడే కూలబడ్డాడు. డిస్పెన్సరీ నుంచి వచ్చిన డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని చూసి, తల దించుకున్నాడు.

ఆట ఆపుదామని ప్రమోద్ విజిల్ నోటి దాకా తెచ్చాడు.

“వద్దు సార్,” అన్నాడు సదానందం. “ఇంక పన్నెండు నిమిషాలున్నయ్. ఆడనీకే గీసింది.”

రెండు జట్ల వాళ్లూ కలిసి ఆమెను మోసుకుని గ్రౌండు చుట్టూ తిరిగి డిస్పెన్సరీకి వెళ్లారు. ఒక్కరూ గీత తొక్కలేదు. తిరిగొచ్చి మిగిలిన ఆట ఆడారు.

గోల్ వెనక టిన్ను అలాగే ఉంది. అడుగున మిగిలిన సున్నంలో, ఆమె చివరిసారి పిడికిలి ముంచి తీసిన గుంట చెదరలేదు.