గిటార్ తీసేసిన పాట

డూమ్ మెటల్ అనే నెమ్మదైన, హోరు రాక్ సంగీతం వాయించే వాళ్ల బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేది అక్క, గిటార్ తమ్ముడిది, పాడేది ఆమె భర్త. మొదటి ఆల్బమ్ శవాన్ని ఈడ్చుకెళ్తున్నంత నెమ్మదిగా, బరువుగా ఉండేది. ఆ బరువుకే జనం పడిచచ్చారు. రెండోదానికి వేగం పెరిగింది. మూడోదానికొచ్చేసరికి భర్త అరవడం మానేసి, కీబోర్డు తెచ్చిపెట్టి, మెత్తగా పాడటం మొదలుపెట్టాడు.

స్టూడియోలో పూర్తయిన పాట వినగానే తమ్ముడి మొహం మాడిపోయింది.

"నా గిటార్ ఏది బావా?"

"పాటకి అడ్డొస్తోందిరా, తీసేశాను."

"నాకు నీ గొంతే అడ్డం!" అంటూ తమ్ముడు కీబోర్డునెత్తి గోడకేసి బద్దలుకొట్టాడు. బావను కింద పడేసి, గొంతు మీద మోకాలేసి నొక్కాడు. బావ కళ్లు తేలేశాడు.

"వదలరా, చచ్చిపోతాడు!" అని అక్క వాడి జుట్టు పట్టి లాగినా వాడు కదల్లేదు. ఆమె చేతికందిన ఇనప స్టాండుతో వాడి ఎడమచేతి మీద కొట్టింది. వాడు వదిలేదాకా కొడుతూనే ఉంది. వేళ్లు చితికిన చప్పుడు ఆమెకు వినిపించింది.

ఏడాది తిరిగాక ముగ్గురూ మళ్లీ కలిశారు. కలవక ఏం చేస్తారు, ఇంకో పని ఎవరికీ రాదు. భర్తకు బొంగురు గొంతే మిగిలింది. తమ్ముడికి రెండు వేళ్లే వంగుతున్నాయి.

"ఇంకా మెల్లగా వాయించక్కా, అందుకోలేకపోతున్నా" అన్నాడు వాడు.

ఆమె వేగం తగ్గించింది. నాలుగో ఆల్బమ్ వచ్చినప్పుడు, పాత బరువు తిరిగొచ్చిందని అభిమానులు సంబరపడ్డారు.