ఫ్లెక్సీ మీద బందిపోటు

చలపతిరావు గారు అమీర్‌పేటలో పద్నాలుగేళ్లు జావా చెప్పారు. పదిహేనో ఏడు మొదట్లో ఒక వాట్సాప్ సందేశం చదివి జావగారిపోయారు.

పంపినవాడు ఇన్‌స్టిట్యూట్ యజమాని హనుమత్ప్రసాద్. "సార్, రేపట్నుంచి మీరు శ్రమ పడక్కర్లేదు. మీ నోట్స్ ఉన్నాయిగా, కుర్రాడెవడైనా చెప్పేస్తాడు." చివర రెండు దండాలు.

మనిషిని తీసేశాడు గానీ ఫ్లెక్సీ తీయలేదు. మెట్రో మెట్లు దిగితే చాలు, మూడంతస్తుల ఎత్తున చలపతిరావు గారు చేతులు కట్టుకుని నవ్వుతుంటారు. కింద ఎర్రక్షరాలు: "జావా చలపతి సార్. మూడు రోజులు డెమో ఉచితం." మనిషి రోడ్డు మీద, ముఖం డ్యూటీలో!

"నా ముఖం నాకిచ్చెయ్యండి ప్రసాద్ గారూ" అని ఫోన్ చేస్తే, "కొత్త ఫ్లెక్సీ సార్, చిరగనివ్వండి" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పంజగుట్టలో, ఇంట్లో, టీవీలో పాత కౌబాయ్ సినిమా వస్తోంది. హీరో పశువులు కాసుకునే బుద్ధిమంతుడు. ఊరి పోలీసు పెద్ద, షెరీఫ్, అతని భూమి కాజేసి, పైగా దొంగని ముద్ర వేసి, గోడగోడకీ అతని బొమ్మ అంటిస్తాడు. హీరో ఆ బొమ్మ చూసుకుని, సరే అలాగే కానిమ్మని నిజంగానే బందిపోటైపోతాడు. అతను టోపీ పెట్టుకున్నాడు, చలపతిరావు గారికి టోపీ పెట్టారు. అంతే తేడా.

హీరో గుర్రం ఎక్కేసరికి ఆయన భార్య సీతామహాలక్ష్మి గుర్రు అందుకుంది. ఆయన సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

"ఏమేవ్, నేను బందిపోటునైపోతున్నా!"

"పోయేటప్పుడు ఆ చెత్తబుట్ట కింద పెట్టేసి పోండి" అందావిడ కళ్లు తెరవకుండానే.

సోమవారం ఉదయం బందిపోటు ముఖానికి మాస్కు తగిలించుకుని, జలుబు మాస్కే, తన పాత క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. డెమో కదా, నువ్వెవరని అడిగిన నాథుడు లేడు.

పాఠం చెప్పే కొత్త కుర్రాడు మహిపాల్. రోజుకు ఐదు బ్యాచ్‌లు. ముందుగా చూసుకునే తీరికేదీ? చేతిలోని స్పైరల్ నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు చదవడమే. ఆ నోట్స్ ఎప్పుడో రవళి అనే శ్రద్ధగల విద్యార్థిని చలపతిరావు గారి నోట్లోంచి రాలింది రాలినట్టు రాసుకున్నది. ఎదురు సందులో హుస్సేన్ భాయ్ దాన్ని ఏళ్ల తరబడి జిరాక్స్ తీసి అమ్ముతున్నాడు.

"క్లాస్ అంటే నమూనా" చదివాడు మహిపాల్. "మా ఆవిడ సీతామహాలక్ష్మి నమూనా చూసి చీర కొంటుంది, ఇంటికొచ్చాక ఆబ్జెక్ట్ చేస్తుంది. ఇక్కడ నవ్వాలి." ఆ ముక్క కూడా చదివేసి దగ్గాడు. దగ్గు కూడా నోట్స్‌లో ఉంది.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మీకు పెండ్లయిందా?"

"యాడిది? సంబంధాలు చూస్తున్నరు."

క్లాసంతా అప్పుడు నవ్వింది. చలపతిరావు గారు నవ్వలేదు. ముఖం పోయింది, పాఠం పోయింది, ఇప్పుడు పెళ్లాం కూడా బ్యాచ్‌లో చేరిపోయింది! అంతలోనే ఆయన కళ్లు మెరిశాయి. వీడు ఏది రాసుంటే అది చదువుతాడు.

తిన్నగా హుస్సేన్ దుకాణానికి వెళ్లారు. "భాయ్, నోట్స్ కొత్త ఎడిషన్ వేద్దాం. ఒక్క పేజీ మారుస్తా."

"ఒక్క పేజీకి ఎడిషనా?"

"బందిపోటుకి ఒక్క తూటా చాలు భాయ్."

"జర ఆ మాస్కు తీయుండ్రి సార్. ఊపిరాడక ఏందేందో మాట్లాడుతున్నరు" అన్నాడు హుస్సేన్. నవ్వుతూనే కొత్త ఎడిషన్ వేశాడు, దుకాణం పైన గది కూడా ఖాళీ చేసిచ్చాడు.

బుధవారం మూడో డెమో. చేరేవాళ్లు చేరేది ఆ రోజే. అందుకే హనుమత్ప్రసాద్ గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు. పిల్లలందరి చేతుల్లో కొత్త నోట్స్. పేజీలు కలవాలని హుస్సేన్ మహిపాల్‌కీ ఒకటిచ్చాడు.

"ఎక్సెప్షన్ అంటే అనుకోకుండా వచ్చిపడే తప్పు" మహిపాల్ చదివాడు. "ఉదాహరణకు, ఈ పాఠం నాకు రాదు. వచ్చినాయనను ఇక్కణ్ణుంచి తీసేశారు. ఆయన రేపు ఉదయం ఏడింటికి హుస్సేన్ జిరాక్స్ పైన చెబుతారు. అందరూ అక్కడికి పొండి. ఇక్కడ నవ్వకూడదు." అలవాటు కొద్దీ దగ్గాడు. ఆ దగ్గు సగంలో ఆగిపోయింది.

మర్నాటికి ఫ్లెక్సీలో ముఖం ఉన్నచోట హనుమత్ప్రసాద్ బ్లేడుతో కోయించిన గుండ్రటి చిల్లు ఉంది. అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆయన ముఖం ఆయనకు దక్కింది.

హుస్సేన్ పైగది కిక్కిరిసింది. ముందు వరసలో మహిపాల్.

"నువ్వెందుకొచ్చావయ్యా?"

"నన్ను తీసేసిండు సార్. వారం దినాలు చదివిన, ఒక్క ముక్క సమజ్ కాలే. డెమో ఫ్రీయే కదా, జర నేర్పుండ్రి."

సినిమాలో హీరో తూటా షెరీఫ్‌కే తగిలింది. ఈ తూటా కుర్రాడికి కూడా తగిలింది. చలపతిరావు గారు బోర్డు వైపు తిరిగిపోయారు.

పాఠం మొదలైంది. "క్లాస్ అంటే నమూనా. మా ఆవిడ సీతామహాలక్ష్మి..."

నలభై మంది నోట్స్ తెరిచారు. ఆయన చీర దాకా రాకముందే, 'ఇక్కడ నవ్వాలి' అని రాసున్నది చూసి అందరూ ఒక్కసారిగా నవ్వేశారు. తర్వాత పెన్నులు పట్టుకుని ఆయన వైపే చూస్తూ ఆగారు.

ఆయనకు ఆ పూట దగ్గు రాలేదు. అయినా దగ్గారు.