బొడ్డు లేని హవాబో

చిన్న కథే, చెప్పేసి పోతాను. యారిమా తన కూతుర్ని బంగారపు ఏటికి పంపకుండా ఎలా ఆపుకుందనేది.

యారిమా రోజూ పొద్దున్నే కర్రపెండలం తురిమి, విషపు రసం పిండేసి, రొట్టెలు కాల్చేది. పక్కింటి కాసిబా కూడా కాల్చేది గానీ ఆవిడ రొట్టెలతో ఇల్లు కప్పుకోవచ్చు. అన్నిట్లోనూ తొందరే. ఓసారి చేపలకెళ్ళిన మొగుడు తిరిగొచ్చాడనుకుని ఎవడికో తను పడుకునే వల ఉయ్యాల్లో చోటిచ్చింది. ముందు పొట్ట తడిమి చూసుకోవద్దూ? చచ్చినవాళ్ళకు బొడ్డుండదని మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకీ తెలుసు. వాడు ఎగువ ఊరివాడు, చచ్చి రెండేళ్ళయింది. ఇంట్లో జామపండ్లన్నీ తినేసి వెళ్ళాడు, చచ్చినవాళ్ళు తినేది అవొక్కటే మరి.

ఏం చెబుతున్నాను? యారిమా.

ఆమె మొగుడు హవాబో కిందటేడు ఆ ఏట్లోనే ఇసుక కడుగుతూ చచ్చిపోయాడు. నాలుగో రోజుకి ఇంటికొచ్చి జామచెట్టు కింద కూర్చున్నాడు. బతికుండగా కూర్చున్నదీ అక్కడే కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

అంతలో ఏట్లో మాచేత బంగారం ఏరించుకునే పరదేశీలు, ఆ గడ్డాలవాళ్ళు, మళ్ళీ వచ్చారు. ఇంటికొక మనిషి కావాలన్నారు, తెల్లారేసరికి. ఏటికి వెళ్ళినవాళ్ళెవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. యారిమా కుంటిది, పనికిరాదన్నారు. ఇక మిగిలింది పద్నాలుగేళ్ళ కూతురు నైరా.

"ఏమయ్యా, నువ్వెళ్ళు," అంది యారిమా.

"చచ్చాక కూడా పనేనా?"

"బతికుండగా చేసి అలిసిపోయావు మరి!"

"ఆ నీళ్ళలో నిలబడి నా కాళ్ళు కుళ్ళిపోయాయే. మళ్ళీ అక్కడికా?"

"సరే. పిల్ల కాళ్ళు కుళ్ళనిద్దాం."

హవాబో చేతిలో పండు కింద పెట్టాడు. చచ్చినవాడు సగం తిన్న పండు వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

మరునాడు అతని పొట్టకు నూలుగుడ్డ చుట్టి పంపింది. గడ్డాల పెద్ద అతని పళ్ళు చూశాడు, భుజాలు చూశాడు, తోలుకుపోయాడు. అది చూసి ఊరంతా తమ తమ పోయినవాళ్ళను బతిమాలి పంపింది. కాసిబా అయితే సిగ్గులేకుండా ఎగువ ఊరికే వెళ్ళి వాణ్ణి వెతికింది.

మూడు నెలలకి గడ్డాల పెద్ద వచ్చాడు. ఏట్లో ఎవడిదో గుడ్డ జారిందట. మా పని అయిపోయిందనుకున్నాం. అతనికి కోపం రాలేదు. వీళ్ళు తిండి అడగరు, కొరడాకి పడిపోరు, ఇలాంటివాళ్ళే కావాలన్నాడు. ఇకమీదట ఊళ్ళో ఎవరు పోయినా వెంటనే కబురు పెట్టమన్నాడు.

వానల్లో బొబ్బల జ్వరం వచ్చింది. యారిమా మూడు రోజులు మూలిగింది.

"ఏడవకే. ఇక నాకు హాయి," అంది కూతురితో. సాయంత్రానికి పోయింది.

నాలుగో రోజు తిరిగొచ్చింది. గుమ్మంలో గడ్డాలవాళ్ళు నిలబడి ఉన్నారు. ఈసారి కుంటిదనలేదు, ఇసుక కడిగే జల్లెడబుట్ట చేతికిచ్చారు. ఏటివైపు నడిచింది.

నైరా ఇంట్లోనే ఉంది.