నాలుగేళ్ళుగా చెబుతున్నారు

సంగటి కెలుకుతుంటే మా అత్త బయమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి చెప్పింది. "హేమా, ఈ పొద్దు నువ్వు క్లాసు తీసుకోవద్దంట. ఆఫీసరొస్తాండాడంట. టీ మాత్రం బాగా పెట్టి నువ్వే తీసుకపోవల్లంట."

మా ఆయన దివాకర్ ఇలాంటి మాటలు నాతో నేరుగా చెప్పడు. బెళుగుప్ప పొలిమేరలోని ఇంగ్లీషు మీడియం బడి ఆయనది. ఇల్లు బడి వెనకే. తొమ్మిదేళ్ళ కిందట ఇంగ్లీషు టీచరు మానేస్తే, "ఒక వారం చూడు, ఊరికే ఇంట్లోనే కదా ఉండేది" అన్నాడు. ఆ వారం ఇంకా అయిపోలేదు. తెల్లారకముందే లేచి అందరికీ వండి, అత్తకు నీళ్ళు కాచి, చీర మార్చుకుని క్లాసుకు పరిగెత్తుతాను. మధ్యాహ్నం గంట కొట్టగానే వడ్డించడానికి ఇంటికి పరిగెత్తుతాను. వడ్డన రెండు నిమిషాలు ఆలస్యమైతే, "బడికి పోయేది నీ సరదా, ఇంటిపని మర్సిపోగాకు" అంటుంది అత్త. హాజరు పట్టీలో ఇంగ్లీషు టీచరు పేరు మాత్రం మా ఆడబిడ్డ రేఖది. అనంతపురంలో ఉంటుంది. తనిఖీలప్పుడు వచ్చి నిలబడుతుంది. నేనూ బీఈడీ చదివాను కదా, నా పేరే రాయొచ్చు కదా అని ఒకసారి ఆయన్ని అడిగాను. "రేఖ ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్సు సర్టిఫికెట్ కావల్ల. నీకెందుకు, నువ్వు యాడికి పోతావు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు అప్పటినుంచీ రోజూ వెతుకుతూనే ఉన్నాను.

ముందురోజే, ఆరో తరగతి నుంచీ నేనే ఇంగ్లీషు చెబుతున్న తొమ్మిదో తరగతి పిల్లలకు కొత్త పాఠం మొదలుపెట్టాను. ఎప్పుడో మొదలై ఇప్పటికీ జరుగుతూనే ఉన్న పనికి 'హ్యాజ్ బీన్', 'హ్యావ్ బీన్' వాడాలనీ, ఎంతకాలంగానో చెప్పడానికి 'ఫర్', ఎప్పటినుంచో చెప్పడానికి 'సిన్స్' వాడాలనీ చెప్పాను. "పుస్తకంలోవి వద్దు, మీ ఇళ్ళలోవి చెప్పండి" అన్నాను. ఒక పిల్లవాడు, జూన్ నుంచి మా తాత వాన కోసం చూస్తూనే ఉన్నాడని చెప్పాడు. గొర్రెలు కాసే కుళ్లాయప్ప కూతురు చౌడేశ్వరి లేచి, "మై మదర్ హ్యాజ్ బీన్ వాకింగ్ బిహైండ్ షీప్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అంది. ఒక్క తప్పు లేదు. "మీరూ ఒకటి చెప్పండి మేడమ్" అని అడిగింది. నేను బోర్డు మీద తర్వాతి వాక్యం రాయడానికి తిరిగాను.

పదకొండు గంటలకు మండలాఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. నేను పళ్ళెంలో టీ గ్లాసులు పట్టుకుని తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గరికి చేరేసరికి, రేఖ ఇస్త్రీ చీరలో బోర్డు ముందు నిలబడి ఉంది. బోర్డు మీద నా చేతిరాత. ఆఫీసరు దాన్ని చూసి చౌడేశ్వరిని లేపాడు. "దీంతో ఒక వాక్యం చెప్పు పాపా."

ఆ పిల్ల తడుముకోలేదు. "హేమా మేడమ్ హ్యాజ్ బీన్ టీచింగ్ అస్ ఇంగ్లీష్ ఫర్ ఫోర్ ఇయర్స్, సార్."

"హేమా మేడమ్ ఎవరు?"

చౌడేశ్వరి నావైపు చెయ్యి చూపించింది. దివాకర్ నవ్వేశాడు. "మా ఇంటామె సార్. పొద్దుపోక అప్పుడప్పుడూ వచ్చి పిల్లోళ్ళతో మాట్లాడుతాంటాది."

ఆఫీసరు నవ్వలేదు. నన్నే చూస్తూ అడిగాడు. "అంతేనా అమ్మా?"

నలభై మంది పిల్లలు నా నోటివైపు చూస్తున్నారు. "అంతే సార్" అన్నాను. టీ అందించాను.

ఆయన జీపు కదిలిందో లేదో, దివాకర్ చౌడేశ్వరిని ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. "పెద్దోళ్ళ ముందర అబద్ధాలు చెప్పేదానికేనా మీ నాయన నిన్ను బడికి పంపిచ్చేది?" తర్వాత నావైపు తిరిగి, "రేఖ తిని పోతాది, కోడికూర చెయ్" అన్నాడు.

వెళ్ళి ఎసరు పెట్టాను. ఉల్లిపాయలు తరిగాను. వంటింటి కిటికీలోంచి ఆ పిల్ల కనిపిస్తూనే ఉంది. ఏడవడం లేదు. మోకాళ్ళ కింది గులకరాళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. తొమ్మిదేళ్ళలో దివాకర్ నా గురించి ఎన్ని మాటలన్నా, నా నోటితో నేను ఎప్పుడూ నన్ను కాదనుకోలేదు. ఈరోజు ఆ పనీ చేశాను. నిజం చెప్పిన పిల్ల ఎండలో ఉంది, అబద్ధం చెప్పిన నేను నీడలో కూర వండుతున్నాను. కత్తి కింద పెట్టి బయటికి నడిచాను.

నన్ను చూడగానే చౌడేశ్వరి అడిగింది. "మేడమ్, నా సెంటెన్సు తప్పా?"

"నువ్వు చెప్పింది తప్పు కాదు. నేను చెప్పింది తప్పు."

చెయ్యి పట్టి లేపాను. మోకాళ్ళకు అంటిన రాళ్ళు దులిపి, నీళ్ళు తాగి క్లాసులో కూర్చోమని పంపి, గేటువైపు నడిచాను. వరండాలోంచి దివాకర్ అరిచాడు. "ఎవరు లెయ్యమన్న్యారు దాన్ని? నువ్వు యాడికి పోతాండావు?"

"మండలాఫీసుకు. ఆయనకు అబద్ధం చెప్పినాను కదా, నిజం చెప్పొస్తా."

"పోతే మళ్ళా ఇంట్లోకి రాలేవు హేమా."

ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదని నాకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి నిదానంగా అన్నాను.

"ఎసరు మరుగుతాండాది. రేఖను బియ్యం పొయ్యమనండి."