మూడో చరణంలో ఆగిన బేసు

బేసు గిటారు వాయించేవాడికి ఈ లోకంలో దక్కే మర్యాద ఎంతో స్టాన్లీని అడగాలి. పన్నెండేళ్లుగా వాయిస్తున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, సభ అయ్యాక దగ్గరికొచ్చి బాగా వాయించావయ్యా అన్న పాపాన పోలేదు. పాడినవాళ్లని మెచ్చుకుంటారు, కీబోర్డు వాయించిన బావని మెచ్చుకుంటారు, డ్రమ్ము ప్యాడ్స్ మీద తాళం తప్పినతన్ని కూడా పరవాలేదంటారు. స్టాన్లీ దగ్గరికొచ్చి మాత్రం, ఈ గిటారుకి నాలుగే తీగలున్నాయేం, మిగతా రెండూ తెగిపోయాయా అని అడిగి పోతారు.

జనాన్ని అనుకుని ఏం లాభం? వినబడితే కదా మెచ్చుకోడానికి. స్టాన్లీకి సొంత ఆంప్, అంటే గిటారు శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టె, లేదు. పగలంతా గవరపాలెంలో మోటార్ల వైండింగు షాపులో పని. చెరుకు తోటల్లో కాలిపోయిన మోటార్లు వస్తే విప్పి, మాడిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి పంపిస్తాడు. ఆదివారాలు గుడిలో, చలికాలమంతా సువార్త సభల్లో, బావ నడిపే బృందంలో బేసు వాయిస్తాడు. ఎక్కడికెళ్లినా బావ కీబోర్డుకి పెట్టిన స్పీకరు పెట్టెలోనే ఓ మూల తన వైరు కూడా గుచ్చుకోవాలి. కీబోర్డు ఒక్కసారి లేచిందంటే బేసు గతి అంతే, ఉందో లేదో వాయించేవాడికే అనుమానం వస్తుంది.

జనం సంగతి సరే, అమ్మ సంగతే స్టాన్లీని తినేస్తుండేది. ఆరోగ్యమేరి ముప్పై ఏళ్లు రైసుమిల్లులో పనిచేసింది. ఆ రొదకి చెవులు పోయాయి. సన్నటి గొంతులు అందవమ్మా, బరువైన శబ్దాలైతే అందుతాయి అని వైజాగు డాక్టరు చెప్పాడు. కూతురు దీనా పాడితే అనకాపల్లి సంఘాలన్నీ ఆహా అంటాయి, కన్నతల్లి మాత్రం ఆ పిల్ల పెదాలు చూసి సంతోషపడాలి. మాటైనా అంతే, ఎదుటివాళ్ల పెదాలు చూసి పట్టుకుంటుంది. ఓ రోజు కొడుకు గిటారు తుడుచుకుంటుంటే పక్కన కూచుని అడిగింది.

"నీది బరువు సౌండంట కదరా. అదైనా నాకు వినబడాలి కదా. ఎప్పుడూ వినబడదేటి?"

ఆ మాట స్టాన్లీ మనసులో పడిపోయింది. జనవరిలో సబ్బవరం మైదానంలో పెద్ద సభలు. ఆలోపు సొంత ఆంప్ కొనాలి, అమ్మని ముందు వరసలో కూచోబెట్టాలి, జన్మలో ఒక్కసారైనా ఆవిడ తన చెయ్యి వినాలి. అదీ పంతం.

నవంబరంతా ఆంపులు చూడటంతోనే గడిచింది. పెళ్లి సంబంధం చూసినా అంత చూడరు. తిరిగి తిరిగి చివరికి మూడు తేలాయి. మొదటిది ఇరవై వాట్లది. చవక, తేలిక, ఇంట్లో ప్రాక్టీసుకి ముద్దుగా ఉంటుంది. మైదానంలో పెడితే పక్కవాడికి కూడా వినబడదు. రెండోది కె.కోటపాడు ఆర్కెస్ట్రాలో వాయించి మానేసిన పెద్దాయన అమ్ముతున్న పాత పెట్టె. పదిహేను అంగుళాల స్పీకరు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. స్టాన్లీ వెనక మూత విప్పి ట్రాన్స్‌ఫార్మరు చూశాడు, చుట్టు బాగుంది. ఒక్క తీగ మీటాడో లేదో గుమ్మం దగ్గర చెంబు కదిలింది. మనసు అక్కడే పారేసుకున్నాడు. మూడోది వైజాగు షాపులో కొత్తది, నలభై వాట్లు. ఒంటిచేత్తో మోయొచ్చు. చూడ్డానికి పెద్ద గొప్పగా ఏమీ లేదు. వెనకాల మాత్రం లైనౌట్ అని ఓ చిన్న చిల్లు ఉంది, అందులో వైరు గుచ్చితే మన వాయింపు నేరుగా సభలో సౌండు మిక్సరుకి పోతుంది.

ఇక బావని అడగాలి. బావంటే వరప్రసాదరావు, అక్క దీనా మొగుడు. పంతొమ్మిదేళ్ల వయసులో స్టాన్లీ చేతికి బేసు గిటారు ఇచ్చి, మన బృందంలో దీనికి మనిషి లేడు, నేర్చుకో అన్నది అతనే. వేళ్లు పుళ్లు పడితే కొబ్బరినూనె రాసిందీ అతనే. అందుకే బావ మాటంటే స్టాన్లీకి అంత గురి. మూడు ఆంపుల సంగతీ వివరంగా చెప్పాడు. కోటపాడు పెట్టె గురించి చెప్పేటప్పుడు గొంతులో ఆశ దాచుకోలేకపోయాడు కూడా. బావ అంతా విని నవ్వాడు.

"ఆ పెద్దడబ్బా ఎవడు మోత్తాడు బావా? మైదానంలో జనానికి వినిపించేవి మన డబ్బాలేటి, అక్కడ కట్టే సౌండు బాక్సులు. లైనౌట్ ఉన్నది కొను. ఇంట్లో ప్రాక్టీసుకీ అదే, స్టేజీ మీదా అదే."

ఈ సలహాలో వీసమెత్తు తప్పు లేదు. ఇవాళ తిరగేసి చూసినా స్టాన్లీకి అందులో తప్పు దొరకదు. ఒళ్లు మండేదే అక్కడ. చెత్త సలహా ఇచ్చి ఉంటే నాలుగు తిట్లు తిట్టి మర్చిపోయేవాడు.

డిసెంబరు మొదటివారంలో ఇద్దరూ కలిసే వైజాగు వెళ్లారు. పగిలిన ఫోనుతో ఇంకో ఏడాది నెట్టుకొస్తే సరి అనుకుని, ఫోను కోసం దాచింది ఆంప్ మీద పెట్టేశాడు స్టాన్లీ. షాపులో బావ స్పీకరు వైపు చెవి కూడా పెట్టలేదు. ఆంప్‌ని వెనక్కి తిప్పి, చిల్లులో వైరు గుచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. వింటూ తల ఆడించాడు. చాలా క్లీన్‌గా వస్తోందన్నాడు. నాకోసం ఎంత శ్రద్ధ తీసుకుంటున్నాడు మా బావ అని స్టాన్లీ లోలోపల పొంగిపోయాడు. పిచ్చి మాలోకం.

మూడు వారాలు ప్రాక్టీసు స్టాన్లీ ఇంట్లోనే. సాయంత్రం కాగానే అక్కా బావా వచ్చేవాళ్లు. బావ ముందుగా ఆంప్ వెనకనుంచి తన కీబోర్డుకి వైరు కలిపేవాడు. ఎందుకంటే, నువ్వు వాయించేది నా హెడ్‌ఫోన్స్‌లో వినబడాలి కదా అన్నాడు. ఇరుగుపొరుగుకి ఇబ్బందని స్పీకరు సౌండు మాత్రం బాగా తగ్గించి పెట్టించేవాడు. కీబోర్డుకి ఓ పెన్‌డ్రైవు గుచ్చి ఉండేది, ఎర్ర లైటు మిణుకుమంటూ ఉండేది. అదెందుకంటే, ఇంటికెళ్లి తప్పులు సరిచూసుకోడానికి అన్నాడు. కాలిన మోటారు చూసి తీగ ఎక్కడ తెగిందో చెప్పగలిగే స్టాన్లీ, తన ఇంట్లో తన ఆంప్‌లోంచి పోతున్న తీగ ఎటు పోతోందో అడగలేదు. ఇంటల్లుణ్ణి అలా అడుగుతారా ఎవరైనా?

దీనా కట్టిన కొత్త పాట ఒకటుంది. నాలుగు చరణాలు. మూడో చరణంలో కీబోర్డు, ప్యాడ్స్ అన్నీ ఆగిపోతాయి, దీనా గొంతూ బేసూ రెండే నడుస్తాయి. ఆ ఏర్పాటు బావే చేశాడు. మీ అమ్మ వినాలన్నావు కదా, ఇక్కడ వింటుందిలే అన్నాడు. ఆ మాటకి స్టాన్లీకి కళ్లు చెమర్చాయి. ఇంకోసారి, మొదటినుంచి చివరిదాకా, ఆగకుండా వాయించు అని బావ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వాయించాడు.

ఆఖరి రోజు బాగా కుదిరింది. అన్నీ కుదిరి మూడో చరణంలో ఉండగా వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. ఆవిడ పిలిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది, తన కేక తనకి వినబడదు మరి. పెసరట్టు చల్లారిపోతోందట. స్టాన్లీ చెయ్యి దానంతటదే లేచింది. తాళంలో ఒక్క దెబ్బ జారిపోయి, మళ్లీ అందుకున్నాడు. పాటయ్యాక నొచ్చుకుని, మళ్లీ మొదటినుంచి వాయిస్తానన్నాడు. బావ టైము చూసుకుని, చాల్లే వచ్చేసింది కదా అని పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకున్నాడు.

సభల రోజు స్టాన్లీ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని, ఆటో మాట్లాడుకుని, ఆంప్‌ని సీటు మీద తన పక్కనే కూచోబెట్టుకుని సబ్బవరం వెళ్లాడు. అమ్మ అప్పటికే సంఘం ఆడవాళ్లతో వచ్చి ముందు వరసలో కుర్చీ పట్టుకుంది. స్టేజీ మీద కీబోర్డు ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి, మైకులు రెండున్నాయి. బేసు నిలబడే చోట పూలకుండీ ఉంది.

బావ స్టేజీ దిగి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, టెంటు వెనక్కి తీసుకెళ్లాడు.

"ఏటనుకోకు బావా. సభ పెద్దలు స్టేజీ మీద నలుగురే సాలన్నారు. దసరాలప్పుడే సెప్పేసేరు, నేనేటి సేత్తాను?"

ఓ మూల నిలబడి వాయిస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు, అమ్మ కూచుంది అని బతిమాలాడు స్టాన్లీ. బావ తల అడ్డంగా ఆడించి, ఓదార్పు మాట చెప్పినట్టే చెప్పాడు.

"నీ బేసు నా దగ్గరుంది కదా, పెన్‌డ్రైవులో. పాటకేటీ లోటు రాదు. నువ్వు దిగులు పడకు."

దసరాలప్పుడు. ఆంప్ కొన్నది డిసెంబరులో. స్టాన్లీకి ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి కాసేపు పట్టింది. అంటే షాపులో కళ్లు మూసుకుని విన్నప్పటికే బావకి తెలుసు. మీ అమ్మ వింటుందిలే అన్నప్పటికీ తెలుసు.

"ఇదంతా ఆంప్ కొనకముందే అనుకున్నావా బావా?"

టైమవుతోంది, తర్వాత మాట్లాడుకుందాం అంటూ బావ వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. తమ్ముడి కళ్లలోకి ఒక్కసారి చూసి, సరిగ్గానే ఉన్న పైట మళ్లీ సర్దుకుంది. ఆవిడకీ తెలుసన్నమాట. బావ పరాయింటివాడు, పోనీ అనుకోవచ్చు. తోడబుట్టింది మూడు వారాలు తన ఇంట్లో కూచుని, అమ్మ పోసిన టీ తాగి, ఒక్క ముక్క చెప్పలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో స్టాన్లీకి ఆ పూట తెలిసింది.

గేటు దగ్గర ఆటోలో కూచున్నాడు. పోదామా అని ఆటో అతను రెండుసార్లు అడిగాడు. అమ్మ ముందు వరసలో ఉంటే ఎక్కడికి పోతాడు?

పాట మొదలైంది. మైదానానికి నాలుగు వైపులా కట్టిన బాక్సుల్లోంచి స్టాన్లీ బేసు వచ్చింది. పన్నెండేళ్లలో మొదటిసారి, వేలమంది వినేలా, నిండుగా వచ్చింది. బాగుంది. బాగున్నందుకు కూడా ఏడుపొచ్చింది. మూడో చరణంలో అన్నీ ఆగాయి. దీనా గొంతు, కింద బేసు. నడుస్తూ నడుస్తూ బేసు ఒక్క దెబ్బ ఆగి, మళ్లీ అందుకుంది. వేలమందిలో ఎవరూ తల తిప్పలేదు. స్టాన్లీ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

సభ అయ్యాక అమ్మ జనాన్ని తోసుకుంటూ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ మొహం అంత వెలగడం నాన్న బతికున్న రోజుల తర్వాత స్టాన్లీ చూడలేదు. కొడుకు కుడిచెయ్యి పట్టుకుని రెండు చేతులతో నిమిరింది.

"వినబడిందిరా నాయనా. కుర్సీలోంచి ఒంట్లోకి వచ్చేసింది. పూలకుండీ అడ్డమై నువ్వు కనబడలేదు గానీ, నీ సెయ్యి నాకు తెలిసిపోనాది." ఆ వెంటనే అడిగింది. "మూడోదాంట్లో ఒక్క సోట ఆగేవేటి? బయపడ్డావా?"

అప్పుడే బావా అక్కా కూడా అటు వచ్చారు, అత్తగారి మెప్పు కోసం కాబోలు బావ నవ్వు మొహంతో. స్టాన్లీ చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆంప్ వెనక చిల్లు ఉంది, దసరాలున్నాయి, ఎర్ర లైటుంది. అవన్నీ పక్కన పెట్టాడు. అమ్మకి వినబడాలని గట్టిగా, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"నువ్వు పిలిసేవమ్మా."

"నేనెప్పుడు పిలిసేనురా? ముందు వరసలో కూకున్నాను కదా."

"ఇప్పుడు కాదు. ఆ రోజు ఇంట్లో. పెసరట్టు సల్లారిపోతందని."

బావ మొహంలో నవ్వు పోయింది. ఆరోగ్యమేరికి వెంటనే అర్థం కాలేదు. కొడుకు వంక చూసింది. ఆటోలో ఉన్న ఆంప్ వంక చూసింది, దాని వైరు ఇంట్లో కట్టిన కట్ట కట్టినట్టే ఉంది. గిటారు సంచీ జిప్పు కూడా తీసి లేదు. నిమురుతున్న చెయ్యి మెల్లగా ఆగింది. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"అయితే నేను విన్నదేటే, దీనా?"

అడిగి, జవాబు పట్టుకోడానికి కూతురి పెదాల వంక చూస్తూ నిలబడింది. దీనా పెదాలు కదల్లేదు.