లోవరాజు నిద్ర

లోవరాజు నిద్ర ఊరికి నవ్వులాట, అతని పెళ్లాం రత్నమాణిక్యానికి ప్రాణసంకటం.

కడియం కాలవ పక్కన అచ్చిబాబు గారి చెరుకు తోట. తోట చివర గానుగ పాక, పాకలో నిలువెత్తు మనిషి కాళ్లు చాపి పడుకోగలిగినంత పెనం. ఆ పెనంలో చెరుకు రసం మరిగి బెల్లమయ్యే వేళకి పాకం చూసేవాడు లోవరాజు. గోదావరికి ఆనకట్ట కట్టి నలభయ్యేళ్లు కావస్తోంది. కాలవ నీళ్లొచ్చి చెరుకు పెరిగింది, చెరుకుతో పాటు గానుగలూ పెరిగాయి. పాకం తెలిసిన మనిషి మాత్రం ఊరికొకడుంటే గొప్ప. గరిటెతో బొట్టు తీసి చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద పెట్టుకుని "దించండ్రా" అనాలి. కాస్త ముందంటే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది. ఆ అదను తెలిసినవాడు గనకే ఆసామి అచ్చిబాబు గారు కూడా అతన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు, "మేస్త్రీ" అనేవారు.

అలాంటివాడికి ఆ ఏడాది కళ్లు తెరుచుకుని ఉండటమే గగనమైపోయింది. నిలబడి నిద్ర, కూర్చుని నిద్ర, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నిద్ర. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే అబ్బులు, "గానుగెద్దులే నయం మేస్త్రీ, అవి నడుస్తా నిద్రపోతాయి" అని వెక్కిరించేవాడు. కుంభకర్ణుడన్నారు, కల్లు ఎక్కువైందన్నారు, కొవ్వెక్కిందన్నారు. లోవరాజు కల్లు ముట్టి ఎన్నేళ్లయిందో రత్నమాణిక్యానికి తెలుసు. కొవ్వా? మొలతాడు జారిపోతోంది మనిషికి. కానీ ఊరి నోటికి మూకుడు పెట్టడం ఎవరి తరం?

నిద్రపోతే పాకం మాడుతుంది. పాకం మాడితే పెనం దగ్గర చోటు పోతుంది. ఆ చోటు పోతే లోవరాజు బతకడని ఆమె భయం. తిండికి లోటొస్తుందని కాదు, ఆ పని తప్ప అతనికి ఇంకో మర్యాద తెలియదు గనక. అందుకని ఆమె ఇంటి పని కూతురు చిన్నమ్మాయికి అప్పజెప్పి, పొద్దున్నే వచ్చి పెనం పక్కన పీట వేసుకుని కూర్చునేది. మొగుడి తల వాలితే చాలు, గిల్లేది. గిల్లితే లేచేవాడు, మళ్లీ వాలేవాడు. మొహాన నీళ్లు కొట్టేది. అదీ కాసేపే.

చివరికి ఆమెకొక ఉపాయం తోచింది. పని చేసే మనిషికి నిస్సత్తువ వస్తేనే కదా కునుకు పట్టేది? సత్తువ కావాలంటే చెరుకు పాలని మించిందేముంది? సగం కాగిన రసం పెనంలోంచి తీసి, చెంబులో పోసి, ఊది ఊది ఇచ్చేది. లోవరాజుకి ఎప్పుడూ దాహమే. చెంబు ఎత్తితే దించేవాడు కాదు. తాగిన కాసేపూ కళ్లు విచ్చుకునేవి. "సూసేవా, పట్టింది" అని ఆమె మురిసిపోయేది. మళ్లీ వాలితే మళ్లీ చెంబు. ఇంటికెళ్లాక ఒళ్లు వేడి చేసిందంటే చలవకి బెల్లం పానకం. ఆ ఇంట్లో బెల్లానికేం కరువు? పాక పని చేసేవాళ్లకి దిమ్మలు దిమ్మలుగా ఇచ్చేవారు అచ్చిబాబు గారు.

రాత్రిళ్లు అతను మాటిమాటికీ లేచి పెరట్లోకి పోయేవాడు. నీళ్లు తాగేవాడు పోయక ఏం చేస్తాడనుకుంది. పోసిన చోట తెల్లారేసరికి చీమల బారు. అతని పంచె విప్పి పడేసిన చోటా చీమలే. ఇంకెవరింట్లోనైనా ఆ చీమల్ని చూసి ఏ ముసలమ్మో ముక్కున వేలేసుకునేది, వైద్యుడి దగ్గరికి తరిమేది. ఇది బెల్లం వండేవాడి ఇల్లు. అతని చేతులకి పాకం, జుట్టుకి పాకం, పంచెకి పాకం. పెళ్లై కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె చీమలు దులుపుతూనే ఉంది. ఈ చీమలూ ఆ చీమలే అనుకుని దులిపింది. అందులో ఆమె తప్పు ఏముంది? నేనైనా అంతే అనుకుందును.

మాఘమాసంలో ఒకనాడు పట్టపగలే పాకం మాడింది. చిన్నమ్మాయికి జ్వరమొచ్చి రత్నమాణిక్యం ఇంటి దగ్గర ఆగిన రోజది. లోవరాజు గరిటె పట్టుకుని నిలబడే నిద్రపోయాడు. నిద్రపోతున్నాడని ఎవరికీ తెలియలేదు, పాకం వంక చూస్తున్నాడనుకున్నారు. మేస్త్రీ చెప్పనిదే పెనం దించే ధైర్యం ఎవరికుంది? కమురు వాసన కాలవ అవతలికి కొట్టాక గానీ ఎవరూ కదల్లేదు.

అచ్చిబాబు గారు చెడ్డమనిషి కాదు. అరిచినా బాగుండేది. నల్లబడ్డ పెనం వంక చూసి, "ఏంటి మేస్త్రీ ఇది? నీకు ఒంట్లో బాగోకపోతే చెప్పు. మండపేట నుంచి ఇంకో మనిషిని పిలిపిస్తాను" అన్నారు. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన రత్నమాణిక్యం ఆయన కాళ్ల మీద పడినంత పని చేసింది.

"ఈ ఒక్కసారికి మన్నించండి బాబుగారూ. ఇక మీదట నేను పక్కనుంచి కదల్నండి. ఆయన కన్ను మూస్తే నన్నడగండి."

మన్నించారు. ఆనాటి నుంచి ఆమె చెంబుల లెక్క పెంచింది.

తరవాత కొన్నాళ్లకి, మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా, మాడు వాసన వచ్చింది. ఆమె పీట మీంచి లేచింది. పెనం చూస్తే పాకం సరిగానే ఉంది. వాసన కింద నుంచి వస్తోంది. వంగి చూస్తే పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక మీద లోవరాజు కుడికాలు. అతను హాయిగా గరిటె తిప్పుతున్నాడు. ఈసారి నిద్ర కూడా పోవడం లేదు.

"మావా! కాలు! కాలు తియ్యి!" అని కేకేసింది.

"ఏ కాలు?" అన్నాడు లోవరాజు.

ఆమె ఆ కాలు తన చేత్తో పక్కకి లాగింది. కాలిన కాలు కాలినట్టు తెలియని మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. పసుపూ కొబ్బరినూనే రాసింది. వెన్న రాసింది. చిన్న పుండు, నాలుగు రోజుల్లో మానాల్సింది, మానకపోగా లోపలికి దిగడం మొదలుపెట్టింది.

అప్పటికి గానీ వైద్యుణ్ణి పిలవాలన్న బుద్ధి పుట్టలేదు. మండపేట వీరబ్రహ్మం గారు పెద్ద వైద్యుడు, మాట తక్కువ. నాడి పట్టుకున్నారు, పుండు చూశారు, కళ్లు చూశారు. తరవాత రోగిని వదిలేసి రత్నమాణిక్యాన్ని అడగడం మొదలుపెట్టారు.

"దాహం ఎక్కువా అమ్మా మీ ఆయనకి?"

"ఎక్కువేనండి. కుండ ఖాళీ చేసేత్తాడండి."

"రాత్రిళ్లు నిద్ర పడుతుందా?"

"ఎక్కడండి! పడుకుంటే గురక, రంపం కోసినట్టే. మధ్యలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడి లేత్తాడండి. లేచి పెరట్లోకెళ్తాడు. తెల్లారేదాకా అదే వరసండి."

"పోసిన చోట చీమలు పడతాయా?"

రత్నమాణిక్యం నవ్వింది. "మా ఇంట్లో చీమలు పట్టని చోటేదండీ? బెల్లం వండేవాళ్లం."

వీరబ్రహ్మం గారు నవ్వలేదు. పెరట్లోకి తీసుకెళ్లమన్నారు. లోవరాజు ఆ పొద్దున పోసిన చోట చీమల బారు చూశారు. దూరంగా చిన్నమ్మాయి పోసిన చోటు ఎక్కడో అడిగి అదీ చూశారు. ఆ పిల్లా బెల్లం తినే పిల్లే, బెల్లం ఇంట్లోనే పుట్టింది. అక్కడ ఒక్క చీమ లేదు.

"మధుమేహం అమ్మా" అన్నారు. "ఒంట్లో తీపి ఒంటికి పట్టకుండా నీళ్లలో పోతోంది. మనిషి తిన్నది మనిషికి అందట్లేదు. అందుకే ఆ నీరసం, ఆ నిద్ర. దానికి తోడు రాత్రి నిద్ర నిద్ర కాదు, పగలు ఒళ్లు ఆ అప్పు తీర్చుకుంటోంది. కాళ్లకి స్పర్శ పోవడం, పుండు మానకపోవడం, చూపు మందగించడం, అన్నీ దాని పిల్లలే. బద్ధకం కాదిది. సరే, ఏం పెడుతున్నావు మనిషికి?"

ఆమె చెప్పింది. మొదట్లో ఉత్సాహంగానే చెప్పింది, తను చేసిన సేవ గదా. పొద్దున్న చెరుకు పాలు, ఎండెక్కితే చెరుకు పాలు, తల వాలినప్పుడల్లా చెంబు, సాయంత్రం పానకం. చెప్తూ చెప్తూ ఆయన మొహం చూసింది.

"నీ తప్పు కాదమ్మా" అన్నారాయన.

నీదే తప్పన్నా బాగుండేది, ఏడ్చి ఊరుకునేది. తప్పు కాదంటే ఇక ఆ బాధని ఎక్కడ పెట్టుకోవాలి? నిద్రపోకుండా కాపాడుకుందామని చెంబు చెంబుగా, ఊది ఊది, తన చేత్తోనే పోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఆమె చేతులు కాలలేదు, కాలింది అతని ఒళ్లు.

పథ్యం కట్టుదిట్టంగా మొదలైంది. తీపి వాసన చూడకూడదు. వరన్నం బదులు చోళ్ల అంబలి, కాకరకాయ పులుసు, నేరేడు గింజల పొడి. పాకలోకి వెళ్లకూడదు. పెనం దగ్గరికి మండపేట మనిషి బుల్లియ్య వచ్చాడు. అచ్చిబాబు గారు ఆ సంగతి తనే ఇంటికొచ్చి చెప్పారు. "నయమయ్యేదాకానే మేస్త్రీ" అన్నారు. లోవరాజు ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు.

కొన్నాళ్లు గుణం కనిపించింది. దాహం తగ్గింది. పగలు అరుగు మీద కూర్చుని కళ్లు తెరిచి ఉండేవాడు, వచ్చేపోయేవాళ్లని పలకరించేవాడు. రత్నమాణిక్యం గండం గడిచిందనుకుంది. అయితే నాలుక మీద తీపి మాత్రం అతన్ని వదల్లేదు. ఒకసారి వంటింట్లో బెల్లం దిమ్మ గోకుతూ దొరికిపోయాడు. ముప్పయ్యేళ్లు బెల్లం వండిన మనిషి దొంగలాగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె తిట్టబోయి తిట్టలేక, ఇంట్లో ఉన్న బెల్లమంతా ఎత్తి పాకకి తిప్పి పంపేసింది.

కాలు మాత్రం ఎవరి మాటా వినలేదు. బొటనవేలు నల్లబడింది, నలుపు పాదం పైకెక్కింది. పడవ మీద రాజమండ్రి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు కాలు తీసేయాలన్నాడు, తీసినా ఆ కోసిన చోటు మానుతుందని చెప్పలేనన్నాడు. "కాలు లేకుండా పెనం దగ్గర ఎలా నిలబడనండి?" అని లోవరాజు అడిగాడు. వచ్చిన పడవలోనే వెనక్కొచ్చారు. దారిపొడుగునా లోవరాజు నిద్రపోయాడు. ఆమె గిల్లలేదు, నీళ్లు కొట్టలేదు. ఎందుకు లేపాలో, లేపి ఏం ఇవ్వాలో ఆమెకి తెలియలేదు.

చెరుకు నరుకుళ్లు ముగింపుకొచ్చిన రోజుల్లో వీరబ్రహ్మం గారు మళ్లీ వచ్చారు. జ్వరం కాస్తోంది. ఊపిరి లోతుగా, బరువుగా తీస్తున్నాడు. నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. వైద్యుడు నాడి చాలాసేపు పట్టుకున్నారు. చెయ్యి జాగ్రత్తగా మంచం మీద పెట్టారు. ఈసారి గుళికల సంచీ విప్పలేదు.

"ఇక పథ్యం అక్కర్లేదమ్మా" అన్నారు. "ఏది తినాలనిపిస్తే అది పెట్టు."

లోవరాజు మొహం విచ్చుకుంది. ఎన్నాళ్లకో!

రత్నమాణిక్యం ఆయన వెనకే గుమ్మం దాకా వెళ్లింది. వైద్యుడు పథ్యం ఎత్తేయడమంటే ఏంటో ఆ ఊళ్లో పెళ్లైన ప్రతి ఆడదానికీ తెలుసు. తన తండ్రికీ పోయే ముందు ఇలాగే ఎత్తేశారు. అయినా అడిగింది. "నయమయ్యే ఎత్తేశారా అండి?" వీరబ్రహ్మం గారు చెప్పులు తొడుక్కుంటూ ఉండిపోయారు. ఎంతసేపటికీ తొడుక్కోవడం పూర్తి కాలేదు.

లోపలికొచ్చేసరికి లోవరాజు మోచేతి మీద లేచి కూర్చోబోతున్నాడు.

"విన్నావటే? రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. వెళ్లి వేడి పాకం పట్రా. కొబ్బరి ముక్కలేసి పట్రా. చిక్కిపోయాను గానీ, నాలుగు రోజులు తింటే లేత్తాను."

ఆమె గట్టు వెంట పరుగెత్తింది. పాకలో బుల్లియ్య కొబ్బరి ముక్కల మీద పాకం పోసి ఇచ్చాడు. అబ్బులు పిప్పి ఎగదోయడం ఆపి తల దించుకున్నాడు. వాళ్లకి అర్థమైపోయింది. అర్థం కానిది ఇంట్లో మంచం మీదున్న ఒక్కడికే.

తెచ్చి తినిపించింది. లోవరాజు కళ్లు మూసుకుని నమిలాడు, మేస్త్రీ నమిలినట్టు నమిలాడు.

"కాస్త ముదిరింది. ఫర్వాలేదులే, వచ్చే యేడు నేనుంటాగా" అన్నాడు. రెండో ముక్క మింగలేక పక్కన పెట్టాడు. అప్పుడు ఆమె మొహం చూశాడు.

"ఏంటే, ఆ మొహం? ఇంకా భయమేనా? పథ్యం తీసేశారంటే విన్లేదా నువ్వు? నాతో పాటు నువ్వూ నోరు కట్టుకున్నావు ఇన్నాళ్లూ. ఇంద."

ఒక ముక్క తీసి ఆమె నోటికి అందించాడు. ఆమె నోరు తెరిచింది. ఆ తీపి గొంతు దిగలేదు. దిగకపోతే అతను చూస్తాడు, చూస్తే తెలిసిపోతుంది. బలవంతాన మింగింది.

"ఎలాగుంది?" అన్నాడు.

"బాగుంది మావా" అంది రత్నమాణిక్యం.