అక్క కూతురు మార్గరెట్టు

తెల్ల సిపాయిలుండే దండులోని ఒక హైస్కూల్లో ఓబళప్ప మూడేళ్ళుగా టెంపరరీ చరిత్ర పంతులు. యుద్ధం రోజులు, వేరే ఉద్యోగం దొరికేది కాదు. ఈసారైనా పర్మనెంటు కాకపోతే నగర్తపేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పెనుకొండలో అక్క అంజినమ్మ పంచన చేరి, ఆమె వేరుశెనక్కాయల మండీలో మూటలకు కాపలా కూచోవాలి. అంజినమ్మ ఉత్త అక్క కాదు, పిల్లనిచ్చిన అత్త కూడా. తమ్ముడని తిట్టాల్సినవన్నీ తిట్టి, అల్లుడని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోగలదు. అది తలుచుకుంటేనే ఓబళప్పకు ముద్ద దిగేది కాదు.

హెడ్మాస్టరు పాపయ్య అతనికొక దారి చూపించాడు.

"తనిఖీకి వచ్చే దొర పేరు విన్‌బరీ. మూడు నూర్ల ఏండ్ల కిందట ఇంగ్లండులో విన్‌బరీ ప్రభువని ఒకాయన ఉండినాడు. ఈ దొరది ఆ వంశమే. ఆ ప్రభువు కథ మన పిల్లోళ్ళ నోట పలికించినావంటే నీ ఉద్యోగం ఖాయమప్పా" అని బీరువా అడుగు నుంచి ఒక పాత పుస్తకం తీసిచ్చాడు. దానికి అట్ట లేదు. నడుమ ఒక కాగితాన్ని చెదలు శుభ్రంగా భోంచేశాయి.

ఓబళప్ప ఇంటికొచ్చి దాన్ని ముందేసుకున్నాడు. ఆ పేర్లు ఒక్కటీ తలకెక్కలేదు. చివరికి అందర్నీ మన వరసల్లోకి దించుకున్నాక గానీ దారికి రాలేదు. అవతల భార్య కదిరమ్మ రాగిపిండి జల్లిస్తుంటే గట్టిగా చెప్పుకుంటూ పోయాడు. ప్రభువు రాజు పక్షం. ఆయన భార్య తమ్ముడు పార్లమెంటు పక్షం. బావా బావమరుదులు ఏటి ఒడ్డున కత్తులు దూసుకున్నారు. రాజు ఓడిపోయాడు. ప్రభువు పారిపోయి అక్క ఇంట్లో పిండి తొట్టిలో దాక్కుని, సరిగ్గా సిపాయిలు వచ్చినప్పుడు తుమ్మాడు. ఆ తుమ్ము తనదేనని నమ్మించడానికి అక్క మహాతల్లి సిపాయిల మొహాన ఇంకో నాలుగు తుమ్మింది. ఆ తరువాత ప్రభువు భార్య పోయింది, అక్కా పోయింది. పెళ్ళీడుకొచ్చిన అక్క కూతురు మార్గరెట్టును ప్రభువు తన ఇంటికి తెచ్చుకున్నాడు.

అక్కడ చెదలు. మిగిలిన పేజీ "ప్రభువుకూ, ఆయన భార్య మార్గరెట్టుకూ నలుగురు పిల్లలు" అని మొదలవుతుంది.

ఓబళప్పకు ఏ అనుమానమూ రాలేదు. ఎందుకొస్తుంది? తనూ అక్క కూతుర్నే చేసుకున్నాడు, తన తండ్రీ అంతే.

"మామా, ఆ దొర ఇష్టపడే చేసుకున్నాడా?" అని కదిరమ్మ అడిగింది.

"పుస్తకంలో లేదే."

"అక్క చచ్చిపోయినాంక చేసుకున్నాడంటే ఇష్టపడే చేసుకున్నట్లే. బతికుండి ఎవురూ బలవంతం చేయలేదు కదా" అని కదిరమ్మ మొగుడి వంక ఒక చూపు చూసింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆమెకు అదొక్కటే కొరత. అంజినమ్మ హుకుం జారీ చేస్తే తాళి కట్టిన మనిషి ఆయన. ఓబళప్ప పుస్తకంలోకి తల దూర్చాడు.

తనిఖీ రోజు విన్‌బరీ దొర కుర్చీలో నిండుగా కూచున్నాడు. పిల్లలు ఇంగ్లీషులో కథ ఊదరగొట్టేస్తుంటే, ఏటి ఒడ్డు కత్తులకు మీసం దువ్వాడు, తుమ్ములకు ముసిముసిగా నవ్వాడు.

"తరువాత ప్రభువు తన అక్క కూతుర్ని పెళ్ళాడెను" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో ముగించింది.

దొర మొహం కందగడ్డయింది. "మా మతంలో అది మహాపాపం. ఆ మార్గరెట్టు వేరు, మా ముత్తవ్వ మార్గరెట్టు వేరు. మీకీ మాట ఎవరు చెప్పారు?"

పాపయ్య తలపాగా సర్దుకుంటూ గుమ్మం వైపు జరిగాడు. ఓబళప్ప కళ్ళ ముందు వేరుశెనగ మూటలు కదిలాయి. చెదల మీదికి తోసేయవచ్చు. కానీ భయంలో నిజమే బయటికొచ్చింది.

"ఎవరూ చెప్పలేదు సార్. తనను కాపాడిన అక్క కూతురు ఇంట్లో ఉంటే, ఆయన బయట పిల్లను వెతుకుతాడని నాకు తోచనే లేదు. నేనూ మా అక్క కూతుర్నే చేసుకున్నాను. నన్నడిగితే అంతకంటే మంచి సంబంధం ఉండదు సార్."

దొర కాసేపు అతన్ని తేరిపార చూశాడు. తరువాత పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, కలం తీసి రాశాడు. ఈయన ఇకమీదట చరిత్ర చెప్పకూడదు, లెక్కలు చెప్పవచ్చు, పర్మనెంటు చేయండి అని.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబుతుంటే కదిరమ్మ సంగటి ముద్దలు చేస్తూ విన్నది.

"అయితే పెనుకొండకు పోయే పని లేదు."

"లేదు."

"మరి ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"అదే, అక్క కూతురు. దాన్ని ఎవురికిచ్చినారు?"

"ఎవరో పాదిరికంట. శానా దూరమంట. తనిఖీ దొరే చెప్పినాడు."

కదిరమ్మ చేయి ఆగిపోయింది. "మామ ఇంట్లో ఉండంగానే, ఎవురో పరాయోళ్ళకా?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మూడు నూర్ల ఏండ్ల నాటి మార్గరెట్టు మీద ఆమెకు నిజంగానే జాలి పొంగుకొచ్చింది.

ఓబళప్ప పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ప్రభువుకు అంత అదృష్టం లేదులే" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

కదిరమ్మ అటక మీద పండగ కోసం దాచిన నేతిగిన్నె దించి, అతని సంగటి మీద ధారాళంగా వంచింది.